ఎప్పుడొచ్చావు? ఎప్పుడెళ్తావు? ఇంతకీ మన ఊరు ఎక్కడ?

జై ఆదివాసీ.

ఇది చాలా రోజుల నుంచి రాద్దాం అనుకుంటున్న విషయం. పోస్టు కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి. మేం అంటే విశాఖపట్నంలో ఒకే హాస్టల్ గదిలో ఉంటున్న ఐదుగురం. అందరివీ పాడేరు పక్క మండలాలే. మాలో భగత ఉన్నారు, కొండదొర ఉన్నారు, కోదు ఉన్నారు. టైపు చేసేది ఒక్కరే అయినా మాట ఐదుగురిదీ. మా ఐదుగురి ఇళ్లలోనూ డిగ్రీ మెట్టు ఎక్కింది మేమే మొదలు.

సెలవులకి ఊరెళ్తే బస్సు దిగిన దగ్గర నుంచి అందరూ అడిగేది రెండు మాటలు. "ఎప్పుడొచ్చావు? ఎప్పుడెళ్తావు?" మంచికే అడుగుతారు. కానీ ఆ రెండు మాటలూ చుట్టాల్ని అడిగేవి. ఇంట్లో ఉండే మనిషిని ఎప్పుడెళ్తావని ఎవరూ అడగరు కదా. తిరిగి హాస్టల్‌కి వస్తే వాచ్‌మన్ అడుగుతాడు, "ఊరెళ్లొచ్చారా?" అని. పనికి వెళ్లిన టౌన్లో టీ కొట్టు ఆవిడ అడుగుతుంది, "మీరు ఒడిశా వాళ్లా బాబూ?" అని. మూడు చోట్లా మనం వేరే చోటి నుంచి వచ్చినవాళ్లమే. మరి ఏ చోటివాళ్లం?

మొన్న ఎండాకాలం సెలవుల్లో మాలో ముగ్గురు భీమవరం వైపు రొయ్యల కంపెనీకి వెళ్లారు. ఒకడు బెంగళూరులో సెంట్రింగ్ పనికి వెళ్లాడు. ఇంకొకడు ఇక్కడే విశాఖలో ఉండి కేటరింగ్ చేశాడు. సెమిస్టర్ ఫీజు, అద్దెలు, ఇంట్లో అప్పు, ఈ మూడింట్లో ఏదో ఒకటి అందరికీ ఉంది. ఇది మా గొప్ప కోసం చెప్పట్లేదు. ఈ గ్రూపులో సగం మంది చేసిన పనే.

రొయ్యల కంపెనీ ఎలా ఉంటుందో వెళ్లినవాళ్లకి తెలుసు. తాడేపల్లిగూడెంలో రైలు దిగి బస్సెక్కితే ఎటు చూసినా చదును. ఒక్క కొండ కూడా కనిపించదు. మొదటి రోజు మాకు తూర్పేదో పడమరేదో తెలియలేదు. ఊర్లో అయితే ఏ కొండ ఎటుందో చూసి పొద్దు చెప్తాం. ఇక్కడ చెరువులు, కొబ్బరిచెట్లు, మళ్లీ చెరువులు. గదిలో పన్నెండు మందిమి. రాత్రి షిఫ్టు. ఐస్ నీళ్లలో చేతులు పెట్టి తలలు తీయడం, పెంకు వలవడం. గ్లౌజులు ఇస్తారు, రెండో రోజుకే చిరుగుతాయి. తెల్లారేసరికి వేళ్లు నానిపోయి మన చేతుల్లా ఉండవు. రోజుకి 450 అని మేస్త్రీ చెప్పాడు. చేతికి 400 ఇచ్చి 50 తను పట్టుకున్నాడు. చివరి పది రోజుల డబ్బులు తర్వాత వేస్తానన్నాడు. వాటికోసం నెలన్నర ఫోన్లు చేశాం. మమ్మల్ని పేర్లతో పిలిచేవాళ్లు కాదు, "ఏజెన్సీ బ్యాచ్" అనేవాళ్లు. అక్కడ బెంగాల్ బ్యాచ్ ఉంది, జార్ఖండ్ బ్యాచ్ ఉంది, ఒడిశా బ్యాచ్ ఉంది. మనుషులు లేరు, బ్యాచ్‌లే.

ఒక రాత్రి అన్నాలప్పుడు మాలో కోదు పిల్లోడు ఫోన్లో వాళ్ల అమ్మతో కువిలో మాట్లాడుతున్నాడు. పక్క బ్యాచ్‌లో ఒకడు తినడం ఆపేసి చూశాడు. ఫోన్ పెట్టగానే వచ్చి కువిలోనే పలకరించాడు. రాయగడ నుంచి వచ్చాడంట. మాటల్లో కొన్ని తేడాలున్నాయి, కానీ ఇద్దరికీ అర్థమవుతోంది. ఆ రాత్రి వాళ్లిద్దరూ షిఫ్టు మొదలయ్యేదాకా మాట్లాడుకుంటూనే ఉన్నారు. మా గదిలో రెండేళ్లుగా మాతో తెలుగులోనే మాట్లాడేవాడు అంత గలగలా మాట్లాడగలడని మాకు ఆ రోజే తెలిసింది. 1936లో ఒడిశా వేరే రాష్ట్రం అయ్యేదాకా కొరాపుట్ వైపంతా మన విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. గీత వాళ్లు గీశారు. అటు కొందరు, ఇటు కొందరు పడ్డారు. తొంభై ఏళ్ల తర్వాత ఆ రెండు పక్కలవాళ్లు కలిసింది కొండ మీద కాదు, భీమవరం పక్కన రొయ్యల షెడ్డులో. నవ్వొచ్చింది, కొంచెం ఏడుపు కూడా వచ్చింది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. "పనికోసం ఊరు వదిలేస్తున్నారు, సంస్కృతి పోతోంది" అని మన పెద్దలు కొందరు, మీటింగులకొచ్చే సార్లు కొందరు అంటుంటారు. దీనికి మాకు రెండు జవాబులున్నాయి.

మొదటిది. మేం ఊరు వదిలింది పని కోసం కాదు. మూడో తరగతిలోనే వదిలాం. ట్రంకుపెట్టె, ప్లేటు, గ్లాసు ఇచ్చి ఆశ్రమ పాఠశాలలో దించి వెళ్లిపోయారు. ఎనిమిదేళ్లు. అమ్మ గేటు దగ్గర ఏడ్చింది, మేం లోపల ఏడ్చాం. మనకి తెలియని ఊరు అంటే మొదట అదే. అక్కడే ఇంటి భాష మాట్లాడితే పిల్లలు నవ్వారు, కొన్నిసార్లు సార్లూ నవ్వారు. అక్కడే చోడి అంబలి మానేసి హాస్టల్ అన్నం అలవాటు చేసుకున్నాం. మూడో తరగతి నుంచి ఇప్పటిదాకా ఊర్లో ఉన్నది సెలవులే. పన్నెండేళ్ల సెలవులు అన్నీ కలిపినా రెండేళ్లు దాటవేమో. మమ్మల్ని పంపినవాళ్లని తప్పు పట్టట్లేదు. పంపకపోతే ఈ పోస్టు రాసేవాళ్లమే కాదు. కానీ ఊరు ఎందుకు మర్చిపోతున్నారని మమ్మల్ని అడిగేవాళ్లు, ఊరు గుర్తుంచుకునే వయసులో మేం ఎక్కడున్నామో కూడా అడగాలి.

రెండోది. ఊర్లో ఏముందని ఉండమంటారు? కాఫీ డబ్బులు, మిరియాల డబ్బులు ఏడాదికొకసారి వస్తాయి. పసుపు, రాజ్మా ధర సంతకో రకం. నెలనెలా వచ్చేది ఏదీ లేదు. ఒంట్లో బాగోకపోతే కొన్ని ఊర్లలో ఇప్పటికీ డోలీయే. మా గదిలో ఒకడి అక్కని నిండు నెలలతో గెడ్డ దాటించిన రోజు వాడు చెప్తాడు, మేం వింటాం. పాడేరు కొండలు చూసి ఫొటోలు తీసుకుని వెళ్లేవాళ్లకి ఊరు అందంగా ఉంటుంది. అందులో ఏడాదంతా బతకాలంటే డబ్బు కావాలి. డబ్బు కిందే ఉంది. అందుకే దిగుతున్నాం. దీనికి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఇల్లు మారడం మన పెద్దలకీ కొత్త కాదు. పోడు చేసినన్నాళ్లు ఒక చోట, తర్వాత ఇంకో చోట. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చి అడవికి హద్దురాళ్లు వేసేదాకా అలాగే తిరిగారు. ఇల్లు మారేది కానీ కొండ మారేది కాదు. అదే కొండ, అదే గెడ్డ, అదే శంకుదేవుడు. మనం ఇప్పుడు తిరిగే తిరుగుడు వేరు. మనం కొండ మొత్తాన్నే వదిలి వెళ్తున్నాం.

సరే, వెళ్తున్నాం. మరి వెళ్తే ఏం పోతుంది? మనసులో బెంగ ఒక్కటే అయితే ఈ పోస్టు రాసేవాళ్లం కాదు. మేం సెలవుల తర్వాత గదిలో కూర్చుని చాలా రోజులు దీని గురించే మాట్లాడుకున్నాం. తేలింది ఏమిటంటే, మనకి ఊరు అంటే బెంగ మాత్రమే కాదు, కాగితం కూడా.

చూడండి. ఆధార్ మనతో వస్తుంది. రేషన్ కార్డు కూడా ఇప్పుడు మనతో వస్తుంది, వేరే రాష్ట్రంలో కూడా బియ్యం తీసుకోవచ్చు. బ్యాంకు ఖాతా వస్తుంది. కానీ కొన్ని మనతో రావు.

ఒకటి, ఎస్టీ అనే మాట. బెంగళూరు, చెన్నై, తిరుప్పూరు వెళ్లి అక్కడే ఉండిపోదాం అనుకునేవాళ్లు ఇది తెలుసుకోవాలి. 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఆయన మన రాష్ట్రంలో ఎస్టీ. చిన్నప్పుడే తండ్రి ఉద్యోగంతో బొంబాయి వెళ్లాడు. అక్కడ మెడికల్ సీటు ఎస్టీ కోటాలో అడిగితే ఇవ్వలేదు. కోర్టు కూడా ఇవ్వక్కర్లేదనే చెప్పింది. ఎస్టీ అనేది ఆ రాష్ట్రానికి సంబంధించే ఉంటుందంట. కేంద్ర ఉద్యోగాలకి మన సర్టిఫికెట్ చెల్లుతుంది. వేరే రాష్ట్రం సీట్లకి, ఆ రాష్ట్రం ఉద్యోగాలకి చెల్లదు. పాత కథ ఇంకోటి ఉంది. తెల్లోళ్ల కాలంలో మధ్య భారతం నుంచి, గంజాం, విశాఖ వైపు నుంచి కూడా కూలీలని అస్సాం టీ తోటలకి తీసుకెళ్లారు. సవర, ముండా, ఒరాన్, సంతాల్ వాళ్లు అక్కడే ఉండిపోయారు. ఇక్కడ ఎస్టీ, అక్కడ కాదు. తరాలు గడిచినా ఎస్టీ హోదా కోసం ఇంకా అడుగుతూనే ఉన్నారు. వాళ్లూ ఒక సీజన్ పనికే అనుకుని రైలెక్కి ఉంటారు.

రెండు, భూమి. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. 2005 డిసెంబర్ 13కి ముందు నుంచి సాగులో ఉండాలి, అడవిలో ప్రధానంగా నివాసం ఉండాలి, బతుకు దాని మీద ఆధారపడాలి అని రాసింది. దరఖాస్తు మీద మొదట మాట చెప్పేది గ్రామసభ. ఆ సభకి కనీసం సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. ఇప్పుడు లెక్క వేయండి. మాలో ఒకడి ఊర్లో సామాజిక అటవీ హక్కు కోసం సభ పెట్టారు. రెండుసార్లు వాయిదా పడింది. ఎవరూ అడ్డం పెట్టలేదు. జనం చాలలేదు, అంతే. ఆ రెండు తేదీల్లో ఒక తేదీన వాడు మాతో పాటు రొయ్యల షెడ్డులో ఉన్నాడు. వాళ్ల నాన్న ఫోన్ చేసి చెప్పింది ఒక్క మాటే. "తిట్టడానికి కాదు బాబూ, నువ్వూ మీ చిన్నాన్న పిల్లలు నలుగురూ ఉంటే సరిపోయేది." ఆ రాత్రి 400 రూపాయలు వచ్చాయి. ఆ 400కి ఏం పోయిందో వాడు ఇప్పటికీ లెక్క వేస్తూనే ఉన్నాడు.

మూడు, స్థానికత. జీవో 3 గురించి మన గ్రూపులో అందరికీ తెలుసు. 2000లో వచ్చింది, షెడ్యూల్డ్ ఏరియాలో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అంది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ జీవోలో స్థానికులు అంటే ఎవరు? 1950 జనవరి 26 నుంచి తాము గానీ తల్లిదండ్రులు గానీ షెడ్యూల్డ్ ఏరియాలోనే ఉంటున్నవాళ్లు. మళ్లీ అలాంటిది కావాలని మనం అడుగుతున్నాం, అడగాలి కూడా. కానీ రేపు వస్తే, మన పిల్లలు గాజువాకలో పుట్టి పెరిగితే, వాళ్లు ఎక్కడి స్థానికులు? ఈ ప్రశ్న మన మీటింగుల్లో ఎవరూ అడగట్లేదు.

నాలుగు, తలల లెక్క. ఇది అన్నింటికన్నా దగ్గర్లో ఉంది. 2021లో జరగాల్సిన జనగణన 2027కి వచ్చింది. 2011లో ఎలా రాశారో పెద్దల్ని అడగండి. ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా రాశారు. ఆ రోజులన్నీ ఊర్లో లేనివాళ్లని ఊరి లెక్కలో కలపలేదు, ఎక్కడుంటే అక్కడ రాశారు. ఈసారి కూడా తలల లెక్క 2027 ఫిబ్రవరిలోనే. మనకి ఫిబ్రవరి అంటే ఏంటి? వరి కోత అయిపోయి, రాజ్మా అయిపోయి, కాఫీ పండ్లు ఏరడం ముగిసి, జనం మేస్త్రీల వెంట దిగే నెల. ఊర్లో ముసలోళ్లు, పిల్లలు మిగిలే నెల. ఎస్టీ సీట్లు ఎన్ని అనేది జనాభాని బట్టే తేలుతుంది. మన మండలంలో మనం తక్కువ కనిపించి, భీమవరంలో ఎక్కువ కనిపిస్తే ఎవరికి లాభం? ఇంకోటి, మాతృభాష గడి. రొయ్యల షెడ్డులోనో అపార్ట్‌మెంటు సైటులోనో రాసేవాడికి తీరిక ఉండదు, అందరికీ కలిపి తెలుగు అని రాసుకుపోతాడు. అలా రాస్తే మన కువి, మన ఆదివాసీ ఒడియా, మన గదబ, మన పోర్జ మాట్లాడేవాళ్లు కాగితం మీద తగ్గిపోతారు. తర్వాత భాషకి బడి అడిగితే, మాట్లాడేవాళ్లే లేరు కదా అంటారు.

ఇదంతా రాస్తే "అయితే పనులు మానేసి ఊరొచ్చేయమంటారా?" అని అడుగుతారు. లేదు. అలా అనే హక్కు మాకు లేదు, వచ్చే సెలవుల్లో మేమూ వెళ్తాం. మా గదిలోనే ఒకడు ఒప్పుకోడు. వాడు అంటాడు, "ఊరు ఊరు అని మీరు ఏడుస్తున్నారు గానీ, ఉద్యోగం వస్తే గాజువాకలో ఇల్లు కట్టుకుని అమ్మని తెచ్చుకుంటా. కరెంటు, ఆసుపత్రి, నీళ్లు ఉన్న చోటే నా ఊరు." వాడి అక్కే గెడ్డ దాటింది. వాడిని తప్పు అనలేం. వాడికి మేం చెప్పింది ఒక్కటే. వెళ్లు, కట్టుకో. కానీ ఊర్లో నీ పేరు కొట్టేయనివ్వకు.

మేం అనేది ఏమిటంటే, వెళ్లడం మన అవసరం. పేరు లేకుండా వెళ్లడం మాత్రం మన నిర్లక్ష్యం. ఇన్నాళ్లు మనం మేస్త్రీకి చెప్పి వెళ్లాం, ఊరికి చెప్పి వెళ్లలేదు. దీని ఫలితం కూడా చూశాం. రెండేళ్ల క్రితం మా పక్క ఊరి అన్న ఒకరు పెద్ద సిటీలో సెంట్రింగ్ మీద నుంచి పడి చనిపోయారు. ఏ సైటో, ఎవరి కింద పనిచేస్తున్నాడో ఇంట్లో ఎవరికీ తెలియదు. మేస్త్రీ ఫోన్ ఆఫ్. నాలుగో రోజుకి అంబులెన్స్ ఘాట్ రోడ్డు ఎక్కింది. పరిహారం అడగడానికి ఎవరిని అడగాలో తెలియక ఆ ఇల్లు ఇప్పటికీ అలాగే ఉంది. ఆయనకి ఊరు ఉంది. ఆయన ఎక్కడున్నాడో మాత్రం ఊరికి తెలియదు.

అందుకే గ్రూపు ముందు నాలుగు మాటలు పెడుతున్నాం. పెద్ద పెద్ద డిమాండ్లు కాదు, మనమే చేసుకోగలిగినవి.

ఒకటి. ప్రతి ఊర్లో ఒక నోటు పుస్తకం. ఎవరు ఏ టౌన్‌కి వెళ్లారు, మేస్త్రీ ఎవరు, ఫోన్ నంబర్ ఏంటి, రోజుకి ఎంత అన్నాడు, ఎప్పుడు వస్తామన్నారు. వెళ్లేముందు రాసి వెళ్లాలి. రాసేది ఊర్లో చదువుకున్న చెల్లి ఎవరైనా కావచ్చు, వార్డు మెంబర్ కావచ్చు. తిరుప్పూరు బనియన్ కంపెనీలకి వెళ్లే చెల్లెళ్ల పేర్లు ముందు రాయాలి. ఆ పుస్తకం ఫోటోలు ఈ గ్రూపులో మాత్రం పెట్టొద్దు, అందరి నంబర్లూ బయటికి పోతాయి.

రెండు. గ్రామసభ తేదీలు. సభ ఎప్పుడో అధికారులు చెప్తే మనం రావడం కాదు, మనం ఉండే రోజుల్లో సభ పెట్టమని ఊరే అడగాలి. ఇటుకల పండక్కి ఎక్కడెక్కడి వాళ్లూ వస్తారు. కొత్తల పండక్కి వస్తారు. ధింసాకి కాళ్లు కలిపే రోజుల్లోనే ఒక పూట సంతకాలకి కూడా కలపొచ్చు కదా.

మూడు. 2027 ఫిబ్రవరి. వీలైనవాళ్లు ఆ నెలలో కొన్ని రోజులైనా ఊర్లో ఉందాం. హాస్టల్ పిల్లలం మనం రాలేకపోవచ్చు. రాలేనివాళ్లు ఎక్కడుంటే అక్కడ తెగ పేరు, భాష పేరు దగ్గరుండి సరిగ్గా రాయించుకోవాలి. "తెలుగు రాసుకోండి సార్, పర్లేదు" అనే మాట మన నోట రాకూడదు.

నాలుగు. ఇది హాస్టల్ తమ్ముళ్లకి, చెల్లెళ్లకి. ఇంటికి ఫోన్ చేసినప్పుడైనా ఇంటి భాషలో మాట్లాడండి. పక్కన ఎవరున్నా సరే. మా కోదు తమ్ముడు ఆ రోజు సిగ్గుపడి తెలుగులో మాట్లాడి ఉంటే రాయగడ పిల్లోడు తలెత్తేవాడే కాదు.

చివరిగా ఒక మాట. మొన్న దసరా సెలవులకి మాలో ఒకడు ఊరెళ్లాడు. బస్సు దిగగానే ఎప్పటిలాగే ఒక తాత అడిగాడు, "ఎప్పుడొచ్చావు? ఎప్పుడెళ్తావు?" అని. వీడు ఈసారి నవ్వేసి వెళ్లిపోలేదు. "సోమవారం వెళ్తాను తాతా, మళ్లీ సభకి వస్తాను, తేదీ మీరు చెప్పండి" అన్నాడు. తాత కాసేపు ఆలోచించాడంట. తర్వాత చుట్ట తీసి, "అయితే నీ పేరు రాయమని చెప్తాను" అన్నాడంట.

మాకు ఇప్పటికి దొరికిన జవాబు అదే. మన ఊరు ఎక్కడో ఇంకా పూర్తిగా తెలియదు గానీ, మన పేరు ఎక్కడ రాసి ఉండాలో తెలిసింది.

తప్పులుంటే పెద్దలు సరిదిద్దండి. మీ ఊర్లో ఇప్పటికే ఇలాంటి పుస్తకం ఉంటే ఎలా నడుపుతున్నారో రాయండి, మేమూ నేర్చుకుంటాం. వేరే జిల్లాల కోయ, గోండు, సవర తమ్ముళ్లు, చెల్లెళ్లు మీ దగ్గర ఎలా ఉందో చెప్పండి.

జై ఆదివాసీ.